పాలమూరు ఆడపిల్లకు ఆట సీజన్ ఏది?

నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య 2022లో క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ వెళ్లి అక్కడి డైనమో క్లబ్ మహిళల ఫుట్‌బాల్ జట్టులో చేరింది. మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ కూడా ఆమెతోపాటు వెళ్లింది. తిరిగొచ్చాక సౌమ్య ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. 2024-25 జాతీయ లీగ్ ఆ జట్టే గెలిచింది. ఆ సీజన్‌కు అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణి అవార్డు సౌమ్యకే దక్కింది. తండా నుంచి యూరప్ క్లబ్ దాకా వెళ్లిన పిల్లను చూసి మురిసిపోవడం సహజం. అయితే ఆమె ప్రతిభ ఎంత గొప్పదైనా, అది విదేశీ క్లబ్ కంట పడటానికి ఒక ఏర్పాటు ఉండింది. 2016-17లో ఇండియన్ విమెన్స్ లీగ్ మొదలైంది. గోకులం కేరళ క్లబ్ సౌమ్యను తీసుకుంది, 2022లో ఆ లీగ్ గెలిచింది. చూపించుకోవడానికి ఆడిన మ్యాచ్‌లున్నాయి కనుక జాగ్రెబ్ తలుపు తెరుచుకుంది.

ఇదే పిల్ల బాస్కెట్‌బాల్ పట్టుకుని ఉంటే ఎక్కడిదాకా పోయేది? ఈ ప్రశ్నకు మన దేశంలో జవాబు దాదాపు ఒక్క పేరుతోనే మొదలై అక్కడే ముగుస్తుంది. కేరళకు చెందిన గీతు అన్నా జోస్ ఆరడుగుల రెండంగుళాల పొడగరి, దక్షిణ రైల్వే ఉద్యోగి. 2006 మెల్‌బోర్న్ కామన్వెల్త్ క్రీడల ఏడాదే ఆస్ట్రేలియాలోని రింగ్‌వుడ్ హాక్స్ క్లబ్ ఆమెను తీసుకుంది. 2008 వరకు ఆమె అక్కడ ఆడింది. 2011లో అమెరికా మహిళల ప్రొఫెషనల్ లీగ్ డబ్ల్యూఎన్‌బీఏలోని మూడు జట్లు ఆమెను ట్రయల్స్‌కు పిలిచాయి. ఎంపిక కాలేదు. ఆమె తెరిచిన దారిన వరసగా నడిచినవాళ్లు లేరు. 2017లో బెంగళూరులో మన మహిళలు కజకిస్తాన్‌ను 75-73తో ఓడించి ఆసియా కప్ బి డివిజన్ గెలిచారు. అప్పుడైనా దేశంలో ఏటా నడిచే గట్టి మహిళా లీగ్ ఒకటి పుట్టాల్సింది. పుట్టలేదు. మంచి ప్లేయర్‌కు మన దగ్గర దొరికే పైమెట్టు రైల్వే కొలువు. ఆ కొలువును తక్కువ చేయడం లేదు. పేదింటి పిల్లకు అది జీవితాంతం అన్నం పెడుతుంది. అయితే కొలువు దొరికిన చోటే ఆట పెరగడం ఆగిపోతోంది.

విదేశాల్లో బాస్కెట్‌బాల్ ఆడి బతకడం ఎలా ఉంటుందో పాలమూరు వాళ్లకు చెప్పడం చాలా తేలిక. అదొక వలస బతుకు. యూరప్ సీజన్ శరదృతువులో మొదలై వేసవి దాకా సాగుతుంది, అమెరికా లీగ్ వేసవిలో నడుస్తుంది. ఇక్కడి పని అయిపోగానే అక్కడికి, అక్కడ ముగియగానే మళ్లీ ఇక్కడికి. ఒప్పందం సాధారణంగా ఒక్క సీజన్‌కే. మధ్యలో ఏజెంట్, అతనికో కమీషన్. ఒక్కో జట్టులో విదేశీయులకు కొన్ని చోట్లే ఉంటాయి కనుక మోకాలు దెబ్బతింటే ఆ చోటు మరొకరిది. జీతం ఎగ్గొట్టే క్లబ్బులూ ఉన్నాయి. అలాంటి తగాదాలు తీర్చడానికే అంతర్జాతీయ సమాఖ్య ఫిబా 2007లో జెనీవా కేంద్రంగా ఒక మధ్యవర్తిత్వ ట్రిబ్యునల్ పెట్టింది. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని బొంబాయికీ పుణేకీ పోయిన మన తాతలకు అలాంటి దిక్కు ఒక్కటి ఉండి ఉంటే ఎన్ని కుటుంబాలు బాగుపడేవో!

ఈ వలసలో అగ్రరాజ్యం ఆడవాళ్లు కూడా ఉన్నారు. డయానా టొరాసీ అమెరికా బాస్కెట్‌బాల్‌లో ఎదురులేని పేరు. 2015లో ఆమె సొంత దేశపు లీగ్ సీజన్‌ను వదిలేసింది. రష్యాలో ఆమె ఆడే యెకాతెరిన్‌బర్గ్ క్లబ్, వేసవిలో విశ్రాంతి తీసుకో, ఆ డబ్బులూ మేమే ఇస్తాం అంది. ఇంటి దగ్గర వచ్చే జీతానికి పది రెట్లకు పైగా రష్యాలో వచ్చేదని అప్పట్లో అమెరికా పత్రికలు రాశాయి. అదే క్లబ్‌కు ఆడటానికి పోతూ బ్రిట్నీ గ్రైనర్ 2022 ఫిబ్రవరిలో మాస్కో విమానాశ్రయంలో పట్టుబడింది. సామానులో గంజాయి నూనె దొరికిందన్న నేరం మీద తొమ్మిదేళ్ల శిక్ష పడింది. ఖైదీల మార్పిడిలో డిసెంబర్ 8న విడుదలయ్యేదాకా ఆమె జైల్లోనే మగ్గింది. 1997 నుంచి లీగ్ నడుపుతున్న దేశంలో కూడా చాలినంత జీతం ఇవ్వనందువల్లే ఆమె అంత దూరం పోవాల్సి వచ్చింది. 2024లో దేశమంతా ఊగిపోయిన కెయిట్లిన్ క్లార్క్‌కు లీగ్ ఇచ్చిన తొలి ఏడాది జీతం 76,535 డాలర్లు. బ్రియానా స్టూవర్ట్, నఫీసా కాలియర్ అనే ఇద్దరు క్రీడాకారిణులు స్థాపించిన అన్‌రైవల్డ్ అనే శీతాకాలపు లీగ్ 2025లో మయామీలో మొదలైంది. ఇంటి దగ్గరే పని దొరికితే వలస ఎందుకన్న ఆలోచనే అది. ఉపాధి హామీ పనుల మీద పాలమూరు ఆడవాళ్లు పెట్టుకున్న ఆశ కూడా అలాంటిదే.

ఇక మనవైపు చూద్దాం. మన పిల్లలు పొట్టివాళ్లు, బాస్కెట్‌బాల్ మనకెందుకు అనే మాట పాలమూరు, నల్లగొండ జిల్లాల స్టాఫ్‌రూముల్లో బాగా తిరుగుతుంది. జపాన్ అమ్మాయి రుయి మచిదా ఎత్తు 162 సెంటీమీటర్లు, అంటే ఐదడుగుల నాలుగంగుళాలు. టోక్యో ఒలింపిక్స్ సెమీఫైనల్‌లో ఫ్రాన్స్ మీద ఆమె ఒక్కతే 18 అసిస్టులు ఇచ్చి ఒలింపిక్ రికార్డు నెలకొల్పింది. జపాన్ రజతం గెలిచింది. మరుసటి ఏడాది మచిదా వాషింగ్టన్ మిస్టిక్స్‌కు ఆడింది. ఆమెను తయారుచేసింది కంపెనీలు నడిపే జట్ల లీగ్. ఫుజిత్సు జట్టులో ఏళ్ల తరబడి ఆడి ఆ చేతివాటం సంపాదించింది. ఎత్తు లేని లోటును వేగంతో, దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లతో పూడ్చుకున్నారు వాళ్లు.

మనకున్న అసలు చిక్కు ఎత్తులో లేదు, ఎముకలో, నెత్తురులో ఉంది. నల్లగొండ జిల్లాలో మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు చుట్టుపక్కల తరాల తరబడి బోరునీళ్లలోని ఫ్లోరైడ్ తాగి కాళ్లు వంగిన, కీళ్లు బిగుసుకుపోయిన మనుషులను చూశాం. అక్కడ ఆడపిల్ల గంతులేయడమే కష్టమైన రోజులవి. మిషన్ భగీరథ పథకంతో కృష్ణా నీళ్లు కుళాయిల్లోకి వచ్చాక పరిస్థితి మారింది. భగీరథ నీళ్లు తాగి పుట్టిన మొదటి పిల్లలు ఇప్పుడిప్పుడే పదేళ్లకు చేరుతున్నారు. ఆటలో పునాది పడాల్సిన వయసు సరిగ్గా అదే. నా దృష్టిలో ఈ నేల మీద గత యాభై ఏళ్లలో ఏ ఆటకైనా దొరికిన అన్నిటికంటే పెద్ద అవకాశం ఇది. ఈ పిల్లల చేతిలో బంతి పెట్టేవాళ్లు లేకపోతే, నీళ్లు తెచ్చిన ఫలం సగమే దక్కినట్టు.

నెత్తురు సంగతి ఇంకా మిగిలే ఉంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో 57 శాతానికి పైగా రక్తహీనత ఉంది. 28 మీటర్ల కోర్టులో నలభై నిమిషాల ఆట ఆడాలంటే నెత్తురులో ఇనుము ఉండాలి. రోజూ గుడ్డు, పప్పు, ఆకుకూర, క్రమం తప్పకుండా ఐరన్ మాత్ర అందకపోతే ఏ కోచ్ వచ్చీ చేసేదేమీ లేదు. అదే సర్వే మరో లెక్క చెప్పింది. 20-24 ఏళ్ల యువతుల్లో 23.5 శాతం మందికి 18 నిండకముందే పెళ్లయింది. పదహారు, పదిహేడేళ్ల వయసులో యూరప్ అమ్మాయి క్లబ్ జూనియర్ జట్టులో ఉంటుంది. మన దగ్గర ఆ వయసులో పెళ్లిచూపులు మొదలవుతున్నాయి.

సౌకర్యాల లెక్క చూస్తే ఈ ప్రాంతానికి జరిగిన అన్యాయం కనబడుతుంది. ఏళ్లుగా నడుస్తున్న ప్రభుత్వ క్రీడా పాఠశాలలు హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ఉన్నాయి. ఉమ్మడి పాలమూరుకు, నల్లగొండకు ఆ వరసలో చోటు దక్కలేదు. 2022లో ఊరూరా మొదలుపెట్టిన క్రీడా ప్రాంగణాల్లో కబడ్డీ, ఖో ఖో, వాలీబాల్‌కు గీతలు గీశారు. చాలాచోట్ల బోర్డు మిగిలి, జాగలో కంప మొలిచింది. రాజకీయంగా దిక్కులేని ప్రాంతమా అంటే అదీ కాదు. 2019 నుంచి 2023 దాకా క్రీడల మంత్రిగా ఉన్న శ్రీనివాస్ గౌడ్ అప్పటి మహబూబ్‌నగర్ ఎమ్మెల్యే. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డిది నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లి. 2025 జూన్‌లో క్రీడల శాఖ చేపట్టిన వాకిటి శ్రీహరి మక్తల్ నుంచి గెలిచారు.

గెలిచినవాళ్లకు సర్కారు చేయి చాచి ఇస్తోంది. అండర్-19 ప్రపంచకప్‌లో రాణించిన గొంగడి త్రిషకు 2025లో కోటి రూపాయలు ప్రకటించింది. నిఖత్ జరీన్‌కు డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. రెండూ న్యాయమే. కానీ ఆ సొమ్ము పంట చేతికొచ్చాక ఇచ్చేది, విత్తనానికి పెట్టేది వేరే ఉండాలి. సీఎం కప్ లాంటి పోటీలు కొద్ది రోజుల్లో ముగుస్తాయి. స్కూల్ గేమ్స్ ఫెడరేషన్ (ఎస్‌జీఎఫ్) సెలక్షన్‌కు వచ్చిన పిల్ల ఓడిపోతే మరుసటి ఏడాది దాకా ఆమెకు మ్యాచ్ లేదు. ఏడాదికి రెండు మూడు మ్యాచ్‌లు ఆడిన పిల్ల ఎంత చురుకైనదైనా ప్రొఫెషనల్ కాలేదు.

కాబట్టి అడగాల్సింది సీజన్. అది నడపడానికి కావలసిన చాలా సరంజామా గురుకులాల్లో, కస్తూర్బా పాఠశాలల్లో ఇప్పటికే ఉంది. గురుకులంలో 5వ తరగతిలో చేరిన పిల్ల ఇంటర్ అయ్యేదాకా ఎనిమిదేళ్లు అక్కడే ఉంటుంది, తిండీ చదువూ అక్కడే. మాలావత్ పూర్ణ 2014లో పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కింది ఈ గురుకులాల నుంచే. ఉమ్మడి పాలమూరులో ఇప్పుడు ఐదు జిల్లాలు, ఉమ్మడి నల్లగొండలో మూడు. జిల్లాకు రెండు జట్ల చొప్పున 16. వాటిని ఎనిమిదేసి జట్ల రెండు గ్రూపులు చేసి, ప్రతి జట్టూ మిగతా ఏడింటితో సొంతచోట ఒకసారి, పరాయిచోట ఒకసారి తలపడితే ఒక్కో పిల్లకు 14 మ్యాచ్‌లు వస్తాయి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా శనివారాలు చాలు. ప్రతి మ్యాచ్‌కూ స్కోర్‌షీట్ రాయాలి, ఫోన్‌తోనైనా వీడియో తీయాలి. అమెరికా కాలేజీ కోచ్ గానీ, యూరప్ ఏజెంట్ గానీ మొదట అడిగేవి ఆ రెండే. కాలేజీ ఆట మానేసిన అమ్మాయిలకు రిఫరీలుగా తర్ఫీదు ఇచ్చి, మ్యాచ్‌కింత అని చెల్లించవచ్చు.

తల్లిదండ్రుల భయాన్ని పక్కన పెట్టి ఈ మాట మాట్లాడటం తప్పవుతుంది. 2023లో లైంగిక వేధింపులకు నిరసనగా ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర మహిళా రెజ్లర్లు కూర్చున్నది దేశమంతా చూసింది. అది చూసిన తండ్రి, బిడ్డను పరాయి ఊరు పంపడానికి వెనకాడితే ఆయనను వెనకబడ్డవాడని అనడానికి నాకు నోరు రాదు. ప్రతి జట్టు వెంట ఒక మహిళా పీఈటీ లేదా వార్డెన్ ఉండాలి. ఫిర్యాదు తీసుకునే కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు హాస్టల్ గోడ మీద ఉండాలి. రాత్రి ప్రయాణాలు పెట్టకూడదు.

నల్లగొండ, పాలమూరుల నుంచి అమెరికా వెళ్లి స్థిరపడినవాళ్లు వేలల్లో ఉన్నారు. 1972 నాటి టైటిల్ నైన్ చట్టం బడుల్లో ఆడపిల్లలకు సమాన అవకాశం ఇవ్వాలన్నది కనుక అక్కడి స్కూళ్లలో అమ్మాయిల జట్టు మామూలు సంగతి. వాళ్ల బిడ్డలు ఆ జట్లలో ఆడుతున్నారు. ఊరికొచ్చినప్పుడు గుడికి, కమాన్‌కు ఇచ్చే చందాలో కొంత మండల కేంద్రంలో ఒక సిమెంటు కోర్టుకు, ఆరో నంబరు బంతులకు ఇవ్వమని వాళ్లను అడగవచ్చు. బస్సులు, రిఫరీల ఖర్చు, రోజువారీ గుడ్డు సర్కారు బాధ్యత. వచ్చే నవంబర్‌కు ఇది మొదలుపెట్టడానికి కొత్త చట్టం అక్కర్లేదు. గురుకుల సొసైటీలు, క్రీడా ప్రాధికార సంస్థ ఒక్కచోట కూర్చుని షెడ్యూల్ వేస్తే సరిపోతుంది. మొదటి మ్యాచ్ మంత్రిగారి మక్తల్‌లోనే పెట్టవచ్చు.