కర్ర పలుకవలెనా, ఊరకుండవలెనా?

మెదక్ పట్టణములో, చర్చి గోపురము కానవచ్చు వీధిలో, వడ్రంగము నెరిగిన మిత్రుడొకడు టేకు కర్రతో టోన్ఆర్మ్ చేసెను. టోన్ఆర్మ్ అనగా గ్రామఫోను రికార్డుపై సూదిని మోయు చేయి. విన్నవారెల్లరు “ఎంత కమ్మగా నున్నది!” అనిరి. ఆ కమ్మదనము పాటదా, కర్రదా అనునదే నా ప్రశ్న.

ఈ పనికి కర్ర కొత్త గాదు. జపానులో గ్రేస్ అను సంస్థ పూర్వము టేకు చేతులను చేసి విక్రయించెను. జర్మనీలో ఫ్రాంక్ ష్రోడర్ చేసిన కర్ర చేతులు రసికులలో పేరొందినవి. అయినను మనకు కర్ర యనగానే వీణ స్ఫురించును. బొబ్బిలిలో ఒకే పనసమ్రానును తొలిచి ఏకాండి వీణను చేయుదురు. అచ్చట కర్ర పలుకవలెను. తీగ ఒంటరిగా కదల్చు గాలి అత్యల్పము. కుండ కదలినప్పుడే సభకు వినబడును. మ్రోగుచున్న శ్రుతిదండమును బల్లపై నానించినచో నాదము పెరుగుట బడిపిల్లలెల్లరు చూచినదే.

టోన్ఆర్మ్ ధర్మము దీనికి సరిగా విరుద్ధము. చావి గ్రామఫోనులో అది బోలు గొట్టము; నాదము దానిగుండనే బూరలోనికి పోయెడిది. విద్యుత్తు ఆ భారమును తీసివేసెను. ఇప్పుడు గాడి వెంట సూది కదలవలెను, చేయి కదలరాదు. చేయి వణికినచో ఆ వణకును పాటయనియే యంత్రము భ్రమించును. సూదిపై బరువు రెండు గ్రాముల ప్రాంతమున నుండు చోట చిన్న వణకును చిన్నది గాదు. చేతి బరువు, సూది పట్టులోని మెత్తదనము కలిసి ఊగు వేగము సెకనుకు 8 మొదలు 12 సార్ల నడుమ నుండుట మేలు. మన చెవి 20కి దిగువ వినదు గదా! కాని కర్రకు తనదైన మ్రోత వేరుగా కలదు. అది చెవికి అందును.

మొదట చిట్టిబాబు వీణ వింటిని. నిజముగనే తేనె. పిమ్మట షేక్ చినమౌలానా నాదస్వరము పెట్టించితిని. అదియు తేనెయే! నాకు అనుమానము కలిగినది అప్పుడే. నాదస్వరమునకు ఒక పదును కలదు. ఆరుబయట ఊరేగింపులో దూరమునకు వినబడు వాద్యమది. వీణను, నాదస్వరమును ఒకే తీపిలో ముంచుచున్నది విద్వాంసులు గారు, టేకు. ఆ రుచినే కోరి కొనువారు కలరు. కోరుకొనుడు, కాని దానిని విద్వాంసుని ఖాతాలో వ్రాయుట న్యాయము గాదు.

ఈ మాట అనగా మిత్రుడు నొచ్చుకొనలేదు. తొలిచిన బోలులో దూదిని వదులుగా కూరి, వెనుక తూకపు బిళ్ళను మరల సరిచేసెను. వానకాలమున తేమ పీల్చి బరువు మారకుండ కర్రకు లక్కపూత నిదివరకే యిచ్చియుండెను. పనివాని ముందుచూపు అట్టిది.

మరల వింటిమి. నాదస్వరమునకు పదును వచ్చెను. వీణ కొంత పొడిగా తోచెనని కూడియున్న వారిలో ఇరువురు పెదవి విరిచిరి. నేను మాత్రము దూది నుంచుమంటిని. ఏలనన, మెట్ల మీద ఎడమచేతి వ్రేళ్ళు జారు సన్నని రాపిడి, అంతవరకు తీపిలో మునిగియున్నది, అప్పుడు వినబడెను.