ధర్నాకు పోయే రైతుకు ఈ సంగతులు తెలియాలి

2017 ఏప్రిల్‌లో ఖమ్మం మిర్చి యార్డులో జరిగింది మన రైతులు మరచిపోలేదు. ధర పడిపోయిన కోపంలో మార్కెట్ ఆఫీసు సామాను పగిలింది. పది మంది రైతుల్ని అరెస్టు చేశారు. మే నెలలో కోర్టుకు తెచ్చినప్పుడు వాళ్ల చేతులకు బేడీలున్నాయి. రాష్ట్రమంతా అయ్యో అంది, కొందరు పోలీసులు సస్పెండయ్యారు. బేడీలు మామూలుగా వేయకూడదని సుప్రీంకోర్టు 1980లోనే చెప్పింది. ఆ సంగతి మన ఊళ్లలో ఎంతమందికి తెలుసు?

ధర్నాకు పిలిచేవాళ్లు ట్రాక్టరు పెడతారు, పులిహోర పొట్లం ఇస్తారు, జెండా చేతికిస్తారు. పోలీసులు పట్టుకుంటే ఏం అడగాలో మాత్రం చెప్పరు. ఇది చిన్న తప్పేం కాదు. నాయకులకు వకీళ్లుంటారు. ఎకరం, రెండెకరాల రైతు మీద కేసు పడితే వాయిదాకొక పనిరోజు పోతుంది, బస్సు ఛార్జీలు అదనం.

ఆయుధాల్లేకుండా శాంతియుతంగా గుమికూడే హక్కు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిందే, ఎవరి దయా కాదు. అయితే శాంతిభద్రతల కోసం ఆంక్షలు పెట్టే అధికారమూ సర్కారుకు ఉంది. పాత 144 సెక్షన్ ఇప్పుడు 163 అయింది. 2024 జులై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్ష సంహిత అనే కొత్త చట్టం నడుస్తోంది. అందుకే ట్రాక్టరెక్కే ముందే "అనుమతి ఉందా, 163 పెట్టారా" అని పిలిచినవాళ్లను అడగాలి. మొహమాటం వద్దు.

పోలీసులు పట్టుకుంటే పెనుగులాడొద్దు. ఎందుకు పట్టుకున్నారో అడగండి, వాళ్లు చెప్పి తీరాలి. ఇంట్లోవాళ్లకు కబురు చేయడమూ వాళ్ల బాధ్యతే. ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మెజిస్ట్రేటు ముందుంచాలి. ముందుజాగ్రత్త అని స్టేషన్‌లో కూర్చోబెట్టినా గడువు 24 గంటలే. అరవై దాటిన పెద్దాయనను, మూడేళ్లలోపు శిక్ష ఉండే కేసుల్లో, డీఎస్పీ స్థాయి అధికారి అనుమతి లేనిదే అరెస్టు చేయకూడదు. ఆడవాళ్లనైతే పొద్దుగూకిన తర్వాత, తెల్లవారకముందు అరెస్టు చేయరాదు. మరీ తప్పనిసరైతే మహిళా పోలీసు అధికారి మెజిస్ట్రేటు అనుమతి తెచ్చుకోవాలి. బేడీలకు కొత్త చట్టం హత్య, ఉగ్రవాదం, దొంగనోట్లు వంటి కొన్ని కేసుల్లో వీలిచ్చింది. పంటకు ధర అడగడం ఆ జాబితాలో లేదు. కస్టడీలో ఉన్నవాళ్లకు ఉచితంగా వకీలును పెడతారు, 15100కు ఫోన్ చేస్తే న్యాయసేవల వాళ్లు దారి చెబుతారు. ఖాళీ కాగితం మీద మాత్రం సంతకం, వేలిముద్ర వేయొద్దు.

ఇక మన వైపు సంగతి. ప్రభుత్వ ఆస్తి పగలగొడితే 1984 చట్టం కింద అయిదేళ్ల దాకా జైలు. కాంటా పగిలితే క్వింటాకు రూపాయి పెరగదు. పొలం నుంచి నేరుగా వచ్చేవాళ్ల నడుముకు కొడవలి ఉండిపోతుంది, అది ఇంట్లోనే పెట్టి రండి. పాసు పుస్తకం అసలుది తేవద్దు, జిరాక్సు చాలు. ఎండలో కూర్చోవాలి గనుక నీళ్లు, తువ్వాలు, బీపీ మాత్రలు ఉండాలి. సెల్‌ఫోను పోవచ్చు, ఇంటి నంబరు చీటీ మీద రాసి జేబులో పెట్టుకోండి. ముసలివాళ్లు గుంపు మధ్యలో కాకుండా బయటికి దారి ఉన్న పక్కన కూర్చోవడం మంచిది.

పిలిచిన నాయకులు ఎక్కినవాళ్ల పేర్లు రాసుకోవాలి. తిరుగు ప్రయాణంలో ట్రాక్టరు కదిలే ముందు లెక్క చూడాలి. ఒక్కరు తగ్గినా ఆ రాత్రే స్టేషన్‌కు పోయి అడగాలి.