ముళ్లపొదను రాజును చేసింది ఎవరు?



మన పల్లెల్లో మళ్లీ పంచాయతీ ఎన్నికల మాట నడుస్తోంది. 2021 ఫిబ్రవరిలో నాలుగు విడతలుగా మనం ఎన్నుకున్నవారికి చట్టం ఇచ్చిన గడువు ఐదేళ్లు. ఈమధ్య ఇద్దరు ఆశావహులు ఒకరి తరువాత ఒకరు మన మందిరానికి వచ్చి ప్రార్థన చేయించుకున్నారు. సంతోషమే. వెళ్తూ వెళ్తూ ఒకరు, "అయ్యగారూ, సంఘం ఓట్లన్నీ మాకు వేయించండి, మందిరానికి ప్రహరీ కట్టిస్తాం" అన్నారు.

మనకు ప్రహరీ కావాలి. ఆరాధన జరుగుతుండగా మేకలు లోపలికి వచ్చేస్తున్నాయి. నిజం చెప్పాలంటే ఆ రాత్రి మాకు నిద్ర పట్టలేదు. తెల్లవారాక, "సంఘం ఓట్లు మా చేతిలో లేవండీ, ఎవరి ఓటు వారిదే" అని కబురు పంపాము.

ఎవరికి వేయాలో మేము చెప్పము. ఎలా తూచాలో చెప్పడం మాత్రం కాపరులుగా మా బాధ్యత.

పంచాయతీ ఎన్నిక పార్టీ గుర్తులపై జరగదు. కాబట్టి జెండా, కులం పక్కనపెట్టి మూడు ప్రశ్నలు అడుగుదాం.

ఒకటి, చెప్పిన పని సర్పంచి చేతిలో ఉన్నదేనా? పింఛను, రేషన్ కార్డు అర్హతలు రాష్ట్ర ప్రభుత్వం నిర్ణయిస్తుంది. తాగునీరు, మురుగుకాలువ, వీధి దీపాలు, చెత్త పంచాయతీ పనులు.

రెండు, డబ్బు ఎక్కడిది? 15వ ఆర్థిక సంఘం 2021–26కు పంచాయతీలకిచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే వాడాలని షరతు పెట్టింది. ఊరి ముందు ఆర్చి కట్టిస్తాననే మాట కంటే, వీధి చివరి కుళాయికి నీళ్లు ఎక్కేలా పైపు మారుస్తాననే మాటకు బరువెక్కువ. ఉద్దానంలో కిడ్నీ జబ్బుతో కుంగిన కుటుంబాలను చూసిన జిల్లా మనది. మంచినీటిని చిన్న హామీ అనుకోవద్దు.

మూడు, గ్రామసభలో లెక్క చెబుతారా? సమూయేలు ముసలితనంలో జనులందరి ముందు నిలబడి, నేను ఎవరి ఎద్దునైనా తీసుకున్నానా, ఎవరి దగ్గరైనా లంచం పుచ్చుకున్నానా అని అడిగాడు. అయితే అడగడానికి, వినడానికి మనమూ అక్కడ ఉండాలి కదా! 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామసభలు జరిగాయి. మనలో ఎంతమందిమి వెళ్లాము?

న్యాయాధిపతులు 9వ అధ్యాయంలో యోతాము చెప్పిన కథ గుర్తుందా? చెట్లు రాజు కోసం వెదికాయి. ఒలీవ, అంజూరము, ద్రాక్ష తమ పని తమకుందని తప్పుకున్నాయి. చివరికి ముళ్లపొద ఒప్పుకుంది. ఆ ముళ్లపొదను రాజును చేసింది తప్పుకున్న మంచి చెట్లే. "రాజకీయాలు మనకెందుకు" అనే విశ్వాసులారా, ఈ మాట మనకే. మనలో నమ్మకస్థులైన చెల్లెమ్మలు, తమ్ముళ్లు వార్డుకు నిలబడితే తప్పేమీ లేదు.

హైదరాబాదులో, చెన్నైలో పనులు చేసుకుంటున్న పిల్లలారా, ఓటుకు రండి. కానీ సొంత చార్జీలతో రండి. ఒకరు బస్సు ఎక్కిస్తే దిగేసరికి మన నోటికి తాళం పడుతుంది. ఆఖరి రాత్రి తలుపు తట్టే నోటూ అంతే. లంచం జ్ఞానుల కళ్లకు సైతం గుడ్డితనం కలిగిస్తుందని ధర్మశాస్త్రము హెచ్చరిస్తోంది.

ఇక ప్రహరీ అంటారా, మనమే కట్టుకుందాం. ఇంటికి కొన్ని ఇటుకలు, ఒక్కరోజు పని. ఆలస్యమైనా, దాని మీద ఎవరి పేరూ ఉండదు.

మన ఊరికి మంచి కాపును ప్రభువు అనుగ్రహించును గాక. ఆమేన్.