మూతి మీద దెబ్బ ఏం నేర్పుతుంది?

ముద్ద లాక్కునే కుక్కకు మూతి మీద ఒకటేస్తే సరి, దెబ్బకు దెయ్యమే దిగుతుంది, కుక్కెంత? తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల కట్టల మీద కాపలా కుక్కల్ని సాకేవాళ్లలో ఈ మాట అనేవాళ్లకు కొదవ లేదు. నా మటుకు నాకు, ఆ కుక్క ఇంకా లాక్కునేలా చేసేది ఆ దెబ్బే అనిపిస్తుంది.

దెబ్బ తిన్న కుక్కకు ‘మెల్లగా తీసుకో’ అని అర్థం కాదు. చెయ్యి దగ్గరికొస్తే మూతి పగులుతుందని మాత్రం అర్థమవుతుంది. కాబట్టి ఈసారి దెబ్బ పడేలోపే ముద్ద అందుకోవాలని చూస్తుంది. మనం జంకి చెయ్యి వెనక్కి లాగుతాం. కదిలేదాని మీదికి దూకడం దాని పుట్టుబుద్ధి. పన్ను వేలికి తగులుతుంది. మళ్లీ దెబ్బ.

అసలు దెబ్బ పడకముందే లాక్కునే అలవాటు ఎక్కడిదంటారా? కోడూరు తీరాన వలలు దులిపేచోట విసిరిన చేప తల కోసం కుక్కలు ఎగబడటం చూడండి. అక్కడ మర్యాదగా నిలబడినదానికి పస్తే. పైగా ఎనిమిది వారాలైనా నిండకుండా తల్లి దగ్గర్నుంచి ఎత్తుకొచ్చిన పిల్లకు, ఎంత గట్టిగా కొరికితే తోటి పిల్లలు ఆట మానేస్తాయో తెలిసే వీలే ఉండదు. దీన్ని పొగరంటే ఎలా?

మెల్లగా తీసుకోవడం నేర్పడం కష్టమేమీ కాదు. ముందు గిన్నెలో కాస్త తిననివ్వండి. నకనకలాడే కడుపుకు పాఠం ఎక్కదు. తర్వాత ముల్లు తీసిన చేప ముక్కను పిడికిట్లో బిగించి, మూతి ముందు కదలకుండా ఉంచండి. నాకుతుంది, కాలితో గీరుతుంది, పళ్లతో నొక్కి చూస్తుంది. కిమ్మనకండి. విసిగి మూతి వెనక్కి తీసిన క్షణమే పిడికిలి విప్పి, ముక్కను చదునైన అరచేతిలో అందించండి. వేలి కొసలతో మాత్రం పట్టుకోవద్దు. ఇంటిల్లిపాదీ ఇదే పద్ధతి పాటించాలి. ఒకరు పిడికిలి పట్టి, ఇంకొకరు ఎగరేసి ఆటాడిస్తే మొదటికే మోసం.

‘మెత్తబడితే కాపలా ఏం కాస్తుంది?’ అంటారు. పరాయి అలికిడికి మొరగడం వేరు, అన్నం పెట్టే చేతిని కరవడం వేరు. గుంట దగ్గరికి క్యారేజీ తెచ్చే పిల్లకూ దొంగకూ తేడా తెలియనిది ఏం కాపలా కుక్క?

ఇదంతా పెంచిన కుక్క సంగతి. ఊరకుక్కకు చేత్తో పెట్టబోవద్దు. ఏ కుక్కదైనా సరే, పన్ను దిగితే పసుపూ సున్నమూ అంటూ కూర్చోకుండా సబ్బుతో, ధారగా పడే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే టీకాకు వెళ్లండి. కుక్క పాఠం ఆ తర్వాత చూసుకోవచ్చు.