సీతమ్మగారి వంశము

తెలుగునాట పాత కుటుంబముల పెట్టెలలో దాచిన వంశవృక్షపు కాగితమును విప్పి చూచినచో మూలపురుషుడు మొదలుకొని ఏడెనిమిది తరముల మగవారి పేర్లు కొమ్మలుగను రెమ్మలుగను వ్యాపించి యుండును గాని, వారిని కని పెంచిన స్త్రీల పేర్లు తరచుగా ఒక్కటియైనను కానరావు. వివాహముతో ఆడుబిడ్డ పుట్టింటి గోత్రమును విడిచి మెట్టినింటి గోత్రమున చేరునను ఆచారము ననుసరించి, పుట్టింటి కాగితము ఆమెను వెళ్లిపోయినదానినిగా త్రోసివేయును. మెట్టినింటి కాగితము ఆమె వచ్చినట్లే గుర్తింపదు. శ్రాద్ధమునందు తల్లికిని, నాయనమ్మకును, ఆమె అత్తగారికిని నామోచ్చారణ కలదు. నాలుగవ తరమున తాత మంత్రమునుండి జారినను కాగితమున నిలుచును. అవ్వకు ఆ కాగితమును లేదు.

దీనిని కేవల నిర్లక్ష్యమని సరిపెట్టుకొనుటకు వీలులేదు. దీని వెనుక నొక సిద్ధాంతమున్నది. పురుషుడు బీజము, స్త్రీ క్షేత్రము. బీజమే ప్రధానమని మనుస్మృతి తొమ్మిదవ యధ్యాయము నిర్ణయించినది. అయితే 1827లో కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేయర్ క్షీరద స్త్రీజాతియందు అండమును కనుగొనెను. 1876లో ఆస్కార్ హెర్ట్‌విగ్ ఒక సముద్రజీవి అండమున స్త్రీపురుష కేంద్రకములు రెండును ఏకమగుటను కన్నులార చూచెను. స్త్రీ నేల మాత్రమే యను వాదము ఆనాడే కూలినది. 1905లో నెటీ స్టీవెన్స్ అను విదుషి పిండిపురుగులను పరిశోధించి, పుట్టునది ఆడుదో మగదో నిర్ణయించునది మగజీవి బీజకణమేయని చూపినది. మన యిండ్లలోనో, మగబిడ్డను కనలేదను నిందతో ఎందరు కోడండ్రు సవతిని తెచ్చుకొనవలసి వచ్చెనో, ఎందరు పుట్టింటి అరుగుపై జీవితము గడపిరో, వారి గోడు ఏ వంశావళియందును లేదు. వారు మోసిన నింద శాస్త్రదృష్టితో చూచినచో వారిది కానే కాదు.

ఈ యంధకారమున పందొమ్మిదవ శతాబ్దపు పల్లెటూరి స్త్రీ యొక్కతె వివరములు మనకు దక్కినవి. డొక్కా సీతమ్మగారు 1841లో మండపేటలో అనుపిండి భవానీశంకరముగారికిని నరసమ్మగారికిని జన్మించి, గోదావరి లంకలలోని గన్నవరమున డొక్కా జోగన్నగారి ఇల్లాలై, వేళగాని వేళ వచ్చిన బాటసారులకు అన్నము పెట్టి, 1909లో కాలము చేసిరి. తల్లి పేరు సైతము నిలిచిన భాగ్యము ఎందరికి కలిగినది? కాని ఆమెను అపర అన్నపూర్ణయనియు, దేవతాంశయనియు స్తుతింపగానే మనము ప్రశ్నించుట మానితిమి. ఆ యన్నము ఆకాశమునుండి పడలేదు. 1852 నాటికి ధవళేశ్వరము ఆనకట్ట పూర్తియైనది. పిమ్మట గన్నవరము చెంత వైనతేయ గోదావరిపై కట్టిన అక్విడక్టు కాలువ నీటిని ఆవలి లంకకు చేర్చినది. ఆ డెల్టా నేలలో వరి పండినది. పండిన ధాన్యమును దంపవలెను, చెరగవలెను, నీరు మోయవలెను, తడికట్టెల పొగలో కన్నులు మండుచుండగా అర్ధరాత్రి మరల ఎసరు పెట్టవలెను. ఇది దివ్యమహిమ కాదు, ఒక మానవస్త్రీ బుద్ధిపూర్వకముగ ఎన్నుకొని జీవితాంతము చేసిన కఠోరశ్రమ. మహిమయని చెప్పిన క్షణముననే ఆమె త్యాగమునకు విలువ తగ్గును. ఆ వడ్లు దంచిన కూలి స్త్రీల పేర్లు ఎవరును వ్రాసి యుంచలేదు.

పూజ కూడ ఒక విధమైన విస్మరణమే. పేరంటాళ్ల గుడులను చూడుడు. భర్త చితిపై దగ్ధమైన స్త్రీ రాయియై పసుపుకుంకుమలందుకొనును. ఆమె ఏ యూరి బిడ్డయో, అప్పటికామె వయస్సెంతయో, చితికడకు తానే నడచినదో, నడిపింపబడినదో అడుగువారు లేరు. 1830లో మద్రాసు ప్రభుత్వము సహగమనమును నిషేధించినది గాని, ఆ రాళ్లకు మ్రొక్కుట ఆగలేదు. బ్రతికియుండగా పేరు దక్కని స్త్రీకి చనిపోయిన పిమ్మట దైవత్వము నిచ్చుట ఆమెకు జరిగిన అన్యాయమును కప్పిపుచ్చుటయే.

అయినను ఆధారములు బొత్తిగా లేకపోలేదు. కొడుకు లేనివానికి సద్గతి లేదను విశ్వాసమే వితంతువుచేత దత్తత పత్రము వ్రాయించినది. భర్త యనుమతి లేకున్నను సపిండుల, అనగా భర్త దగ్గరి జ్ఞాతుల, సమ్మతితో ఆమె దత్తత చేసికొనవచ్చునని 1868లో రామనాథపురము వివాదమున నాటి అత్యున్నత న్యాయస్థానమైన ప్రీవీ కౌన్సిలు తీర్పు చెప్పినది. అట్టి పత్రములలోను, మనోవర్తి దావాలలోను ఆమె పేరు, ఊరు, భర్త పేరు, ఒక్కొక్కచోట వ్రేలిముద్రయు కనబడును. వంశచరిత్రలు వ్రాయ బూనినవారు ముందుగ ఈ కాగితములను వెదకవలెను. ఇంటిలోని ముదుసలి స్త్రీలను కూర్చుండబెట్టి, వారి తల్లి ఎవరు, అమ్మమ్మ ఏ యూరి ఆడుపడుచు, ఎందరిని కన్నది, ఎందరిని పోగొట్టుకొన్నది, ఏ పురిటిలో మరణించినది అని అడిగి, చెప్పినది చెప్పినట్లు వ్రాసికొని, వంశవృక్షమున భర్త పేరు ప్రక్కనే ఆమె పేరును సమానమైన అక్షరములతో చేర్చవలెను.