బియాంబా మేరీ కొడుకు

మన దగ్గర కుర్రాడు ఆరడుగులు దాటాడంటే పేరు పెట్టి పిలవడం మానేస్తారు. తాటిచెట్టు అంటారు, కరెంటు స్తంభం అంటారు. పెళ్ళిళ్ళలో సీరియల్ బల్బులు కట్టాల్సి వస్తే ముందు వాడి కోసమే వెతుకుతారు. కాలేజీలో చేరిన వారానికే పీఈటీ సారు కంట్లో పడతాడు. ‘ఇంత పొడుగున్నావు, బాస్కెట్‌బాల్ ఆడవేంరా’ అని ఆయన అడక్క మానడు.

1987లో వాషింగ్టన్‌లోని జార్జ్‌టౌన్ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టిన ఒక ఇరవై ఒక్కేళ్ళ కుర్రాడికీ ఇదే ఎదురైంది. ఊరు కిన్షాసా. దేశం అప్పట్లో జైర్, ఇప్పుడు కాంగో. ఎత్తు ఏడడుగుల రెండంగుళాలు. ఇంగ్లిష్ అప్పటికి అంతంతమాత్రం. అమెరికా ప్రభుత్వ సహాయ సంస్థ ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద వచ్చాడు. చదివి డాక్టరై ఇంటికి వెళ్ళాలన్నది ఆలోచన. కానీ ఆ కాలేజీలో జాన్ థాంప్సన్ అనే కోచ్ ఉన్నాడు. ఏడడుగుల మనిషి తన కళ్ళ ముందు నడిచిపోతుంటే ఏ కోచ్ ఊరుకుంటాడు? రెండో ఏటికల్లా కుర్రాడు జట్టులో ఉన్నాడు. పొద్దునా సాయంత్రం ప్రాక్టీసు ఉన్నవాడికి లేబొరేటరీ కుదరదు. వైద్యం అలా పక్కకు జరిగింది. 1991లో భాషాశాస్త్రం, దౌత్యం చదువుకున్న పట్టాలతో బయటికొచ్చాడు. ఆ ఏడే అమెరికా ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్‌లో ఆడే డెన్వర్ నగ్గెట్స్ జట్టు, కొత్త ఆటగాళ్ళ ఎంపికలో అతన్ని నాలుగోవాడిగా తీసుకుంది.

పూర్తి పేరు డికెంబే ముటోంబో ఎంపొలోండో ముకాంబా జాన్ జాక్ వాముటోంబో. ఇంటిపేరు, తాత పేరు, తండ్రి పేరు కలిపి పాస్‌పోర్టులో రెండు వరుసలు నింపేసి, అమెరికా విమానాశ్రయాల్లో ‘ఇందులో మీ పేరు ఏది’ అనిపించుకునే మన పిల్లలకు ఈ మనిషి చుట్టంలా అనిపించాలి.

బాస్కెట్‌బాల్‌లో పేరంతా బంతి బుట్టలో వేసేవాడిది. ముటోంబో వేసింది తక్కువే. పద్ధెనిమిది సీజన్లలో 1,196 మ్యాచ్‌లు ఆడితే సగటున మ్యాచ్‌కు పది పాయింట్లు కూడా రాలేదు. అతని పని అడ్డుకోవడం. ఎవడో అటునుంచి పరుగెత్తుకొచ్చి, ఎగిరి, బంతిని బుట్ట మీదికి వదిలే క్షణంలో ఎక్కడినుంచో ఒక పొడుగాటి చెయ్యి లేస్తుంది. బంతి వచ్చిన దారినే పోతుంది. చిన్నప్పుడు ఫుట్‌బాల్‌లో గోల్‌కీపరుగా నిలబడిన అలవాటు ఇక్కడ అక్కరకొచ్చింది. అలా అడ్డుకున్నవి 3,289. లెక్క రాయడం మొదలైనప్పటినుంచి ఇంతకు మించినవాడు ఒక్క హకీమ్ ఒలాజువాన్ మాత్రమే, అతనూ ఆఫ్రికా బిడ్డే. ఉత్తమ రక్షణ ఆటగాడి బహుమతి ముటోంబోకు నాలుగుసార్లు వచ్చింది.

బంతిని కొట్టేశాక చేసే పని ఒకటుంది. జనం గుర్తు పెట్టుకున్నది దాన్నే. కుడిచేతి చూపుడు వేలు పైకెత్తి, ఇటూ అటూ మెల్లగా ఊపేవాడు. మాట ఉండదు. మిఠాయి డబ్బా వైపు పాకుతున్న పసివాడికి అమ్మమ్మ మంచం మీదనుంచే ‘ఊఁహూఁ’ అన్నట్టు ఉంటుంది. కోపం కాదు, ఎగతాళి కూడా పూర్తిగా కాదు. ఎదుటి ఆటగాళ్ళకు మాత్రం ఒళ్ళు మండేది. చివరికి లీగ్ ఆ వేలు మీద ఆంక్ష పెట్టింది, ఎదుటివాడి ముఖం మీద ఊపితే శిక్షేనంది. దానికేం, ముటోంబో ప్రేక్షకుల వైపు తిరిగి ఊపడం మొదలుపెట్టాడు. 2013లో ఒక బీమా కంపెనీ ఆ వేలితోనే ప్రకటన తీసింది. ఆఫీసులో చెత్తబుట్టలోకి ఉండచుట్టి విసిరిన కాగితాన్నీ, సూపర్‌మార్కెట్‌లో గాల్లోకి లేచిన అట్టపెట్టెనూ అడ్డుకుని, ఊఁహూఁ అంటాడు. ఆట మానేసిన నాలుగేళ్ళకు, అతని ఆట చూడని పిల్లలు కూడా ఆ వేలిని గుర్తుపట్టారు.

ఇంకో బొమ్మ 1994 నాటిది. ప్లేఆఫ్ మొదటి రౌండు. పట్టికలో ఎనిమిదో స్థానంలో ఈడ్చుకుంటూ వచ్చిన డెన్వర్, మొదటి స్థానంలో ఉన్న సియాటిల్‌తో తలపడింది. అయిదు మ్యాచ్‌ల పోటీలో తొలి రెండూ ఓడి, తర్వాతి మూడూ గెలిచింది. ఎనిమిదో జట్టు మొదటి జట్టును ఇంటికి పంపడం లీగ్‌లో అదే మొదలు. ఆఖరి క్షణాల్లో బంతి ముటోంబో చేతికి చిక్కింది. గంట మోగగానే అలాగే నేల మీద వెల్లకిలా పడుకుని, బంతిని రెండు చేతులా తల మీదికి ఎత్తి పట్టుకుని నవ్వుతూ ఉండిపోయాడు. గెలిచినవాళ్ళు గంతులెయ్యడం మామూలే. ఇతను మాత్రం తప్పిపోయి దొరికిన పిల్లను ఎత్తుకున్నట్టు ఆ బంతిని పట్టుకున్నాడు, ఎవరికీ ఇవ్వనన్నట్టు.

ఆటగాళ్ళు ఆట బయట చేసే పనుల గురించి పత్రికలు రాసేవి ఎప్పుడూ ఒకే మోస్తరుగా ఉంటాయి. జోర్డాన్ బూట్లు, మ్యాజిక్ జాన్సన్ సినిమా హాళ్ళు, ఇంకొకరి హోటళ్ళు. తప్పేం లేదు, సంపాదించుకున్నారు. ముటోంబో కూడా తర్వాత తర్వాత కాఫీ వ్యాపారం పెట్టాడు. లీగ్‌కు ప్రపంచ రాయబారిగా దేశాలు తిరిగాడు. 2011లో కాంగోలోని గోమా పట్టణంలో బెడిసికొట్టిన ఒక బంగారం బేరంలో అతని పేరు వినిపించింది, అది ఐక్యరాజ్యసమితి నిపుణుల నివేదిక దాకా పోయింది. మంచి పని చేసినవాడు దేవుడై ఉండాలని మనం కోరుకుంటాం గానీ, ఎవరి జీవితమూ అంత శుభ్రంగా ఉతికి ఆరేసినట్టు ఉండదు.

చెప్పుకోవలసింది వేరే ఉంది. 1990ల చివర్లో కాంగో యుద్ధాల్లో మండుతోంది. కిన్షాసాలో కర్ఫ్యూ. ముటోంబో తల్లి బియాంబా మేరీకి ఒంట్లో బాగోలేదు. రోడ్లు మూసేశారు, ఆసుపత్రికి తీసుకుపోయే వీల్లేకపోయింది. ఇంట్లోనే పోయింది. కొడుకు అప్పటికి అమెరికాలో కోట్లు గడిస్తున్న ఆటగాడు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు వచ్చిన తమ దేశపు ఆడపిల్లల జట్టుకు దుస్తులూ ఖర్చులూ తనే భరించినవాడు. డబ్బుతో అయ్యే పనైతే క్షణంలో చేసేవాడే. ఇది మాత్రం డబ్బుతో అయ్యే పని కాదు. విదేశాల్లో పిల్లలున్న తల్లిదండ్రులు మన ఊళ్ళలో ఇంటికి ఇద్దరున్నారు. అర్ధరాత్రి ఫోన్ మోగితే గుండె ఎలా జారుతుందో వాళ్ళ పిల్లలకు చెప్పనక్కర్లేదు.

తల్లి పేరు మీద ఏదో ఒకటి కట్టించడం మనకు కొత్త కాదు. బస్సు షెల్టరు కడతాం, చలివేంద్రం పెడతాం, గుళ్ళో ఫ్యాను ఇస్తాం. ఆ ఫ్యాను మూడు రెక్కల మీదా దాత పేరు రాయిస్తాం, ఫ్యాను ఆగితే తప్ప చదవడం కుదరదు. ట్యూబులైటు మీద పేరు రాయించి సగం వెలుతురు మింగినవాళ్ళనూ ఎరుగుదుం. పెద్ద పనులు చేసినవాళ్ళు లేకపోలేదు. ఎన్టీ రామారావు భార్య బసవతారకం కేన్సర్‌తో పోతే, ఆమె పేరున హైదరాబాద్‌లో కేన్సర్ ఆసుపత్రి లేచింది. 2000లో తలుపులు తెరిచిన ఆ ఆసుపత్రి బయట, చేతిలో ఫైలు పట్టుకుని నిలబడే జిల్లాల మనుషుల్ని ఎవరైనా చూడొచ్చు. వాళ్ళలో చాలామందికి ఆవిడ ఎవరో తెలియదు. ఆ పేరు వాళ్ళకు బస్సు కండక్టరుతో చెప్పే స్టాపు.

ముటోంబో కూడా ఆసుపత్రే కడతానన్నాడు. అనడం తేలిక. 2001లో శంకుస్థాపన అయింది, గోడలు లేవడానికి 2004 దాకా ఆగాల్సి వచ్చింది. విరాళాలు రాలేదు. స్థలం ఖాళీగా పడి ఉందని ప్రభుత్వం వెనక్కి తీసుకోబోయింది. ఖాళీగా ఉన్న నేలలో ఊరు వదిలి వచ్చిన శరణార్థులు సాగు చేసుకుంటుంటే, వాళ్ళకు డబ్బిచ్చి ఖాళీ చేయించుకోవాల్సి వచ్చింది. అన్నిటికంటే చిరాకైనది ఇంకొకటి. ‘ఇంత ఖర్చు పెడుతున్నాడంటే ఎన్నికల్లో నిలబడతాడేమో’ అన్న అనుమానం. ఊళ్ళో మంచినీళ్ళ ట్యాంకు కట్టించినవాణ్ణి ‘సర్పంచికా, జెడ్పీటీసీకా’ అని అడిగే మనకు ఇది వింతగా ఉండదు.

ఇక్కడొకటి గమనించాలి. ఇదంతా అతను ఆట మానేశాక చేసింది కాదు. ఈ ఏళ్ళన్నీ అతను మైదానంలోనే ఉన్నాడు. ముప్పై అయిదు, ముప్పై ఎనిమిది, నలభై. ఆ ఎత్తు మనుషుల మోకాళ్ళు అప్పటికే మొరాయిస్తాయి. సీజన్లో బంతులు అడ్డుకోవడం, సెలవుల్లో సిమెంటు లెక్కలు చూసుకోవడం. 2006 ఆగస్టులో ఒక్కసారే కోటిన్నర డాలర్లు ఇచ్చాడు. 2007లో ఆసుపత్రి రోగుల్ని తీసుకుంది. కిన్షాసా శివారు మసీనాలో, 300 పడకలు, మొత్తం ఖర్చు 2 కోట్ల 90 లక్షల డాలర్లు. ఆ ప్రాంతంలో ఆధునిక ఆసుపత్రి లేచి అప్పటికి దాదాపు నలభై ఏళ్ళు. అంతా అయ్యాక కూడా రెండేళ్ళు ఆడాడు. 2009లో పోర్ట్‌లాండ్‌లో మోకాలు దెబ్బతినేదాకా.

కట్టడం ఒకెత్తు, నడపడం ఒకెత్తు. మన పల్లెల్లోనూ దాతలు కట్టించిన ఆరోగ్య కేంద్రాలున్నాయి. గేటు మీద పాలరాతి ఫలకం ఉంటుంది, గేటుకు తాళం ఉంటుంది. రిబ్బను కత్తిరించిన కత్తెరకున్న శ్రద్ధ, నర్సు జీతానికి ఉండదు. బియాంబా మేరీ ఆసుపత్రికి తాళం పడలేదు. లోపలికి వెళ్ళి వైద్యం చేయించుకున్నవాళ్ళు లక్షల్లో ఉన్నారు.

2022 అక్టోబరులో ముటోంబోకు మెదడులో కణితి అని తెలిసింది. అట్లాంటాలో వైద్యం జరిగింది. రోడ్లు తెరిచే ఉన్నాయి, డాక్టర్లు దగ్గరే ఉన్నారు. 2024 సెప్టెంబరు 30న పోయాడు, యాభై ఎనిమిదేళ్ళకు. వార్తల్లో అందరూ ఆ వేలినే చూపించారు.

డాక్టరు కాలేకపోయినందుకు అతనికి లోపల ఏమనిపించేదో మనకు తెలిసే వీల్లేదు. జార్జ్‌టౌన్‌లో వైద్యం బదులు భాషాశాస్త్రం చదివినవాడు, భాషలను మాత్రం వదల్లేదు. ఇంట్లో మాట్లాడే చిలూబా, కిన్షాసా వీధుల లింగాలా, బడిలో ఫ్రెంచి, తర్వాత ఇంగ్లిష్, స్పానిష్, పోర్చుగీసు, మరి మూడు ఆఫ్రికా భాషలు. తన తల్లి పేరున్న ఆసుపత్రిలో అతనికి ఇంజెక్షన్ వెయ్యడం వచ్చేది కాదు, బీపీ చూడడం వచ్చేది కాదు. మంచం పక్కన ఒంగి, తన బొంగురు గొంతుతో ‘ఎక్కడ నొప్పి’ అని తొమ్మిది భాషల్లో అడగడం వచ్చేది.