ఉన్నమాట చెప్పాలా, అయ్యేమాట చెప్పాలా?

వక్ఫ్ ఆస్తుల వివరాలను ఉమీద్ పోర్టల్‌లో ఎక్కించడానికి ఇచ్చిన ఆరు నెలల గడువు 2025 డిసెంబరు మొదటి వారంలో ముగిసింది. గడువును అందరికీ కలిపి పొడిగించడానికి సుప్రీంకోర్టు నిరాకరించింది. కావలసినవారు ట్రిబ్యునల్‌కు వెళ్ళి అడుక్కోవచ్చునన్నది. ఆ వారంలో సబ్బవరంలో మా ఇంటి వరండాలో ఒక ఖబరస్తాను కాగితాలు ముందేసుకుని నలుగురం కూర్చున్నాము. కాగితాలంటే చాంతాడంత కావు. గెజిట్‌లో ఒక వరుస, పాత అడంగలు నకలు ఒకటి, ప్రహరీ గోడ కోసం ఎప్పుడో పంచాయతీ చేసిన తీర్మానం ఒకటి. గెజిట్‌లో ఉన్న విస్తీర్ణం ఒకటి, అడంగలులో ఉన్నది మరొకటి.

మా తమ్ముడి కుమారుడు న్యాయశాస్త్రం చదివినవాడు. కంప్యూటర్ ముందు కూర్చోవలసినవాడు వాడే. కాని కూర్చోలేదు. "బడే అబ్బా, ఈ పోర్టల్‌లో మన చేత్తో ఎక్కించడమంటే ఈ చట్టానికి మనమే సలాము చేసినట్టు. మతం జోలికి రావడానికి ప్రభుత్వానికి హక్కు లేదని మీ పత్రికలో రాస్తారు, ఇక్కడేమో వాళ్ళడిగిన ఫారం నింపుతారు" అన్నాడు. పక్కనే ఉన్న ముతవల్లీ సాహెబు ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "ముందు గోరీలు మిగలనీ బేటా" అన్నారు, అంతే.

ఈ రెండు మాటల మధ్యనే మన సమాజంలో రాజకీయాల గురించి రాసేవారూ మాట్లాడేవారూ అందరూ తిరుగుతున్నారని మాకు తోచింది. ఏది న్యాయమో అది పూర్తిగా, తడబాటు లేకుండా చెప్పడమా? లేక నేటి బలాబలాలను బట్టి ఏది దక్కుతుందో దానినే అడగడమా?

మా కుర్రవాడిది తేలికగా తోసిపుచ్చదగిన వాదం కాదు. వాడు స్వేచ్ఛావాది. వాడి లెక్క ప్రకారం ప్రభుత్వం మసీదులోనూ ఉండకూడదు, మందిరంలోనూ ఉండకూడదు. వక్ఫ్ బోర్డూ వద్దు, దేవాదాయ శాఖా వద్దు. ఎవరి దానధర్మాలు వారు నడుపుకోవాలి, మోసం జరిగితే అందరికీ ఉన్న కోర్టే చాలు. ఇందులో ఒక నిజాయితీ ఉన్నది. ఎందుకంటే దేశంలో ఈ మాటను సగమే చెప్పేవారు చాలామంది. 2025 జనవరి 5న విజయవాడ దగ్గర కేసరపల్లిలో హైందవ శంఖారావం సభ జరిగింది. ఆలయాలను ప్రభుత్వ అజమాయిషీ నుండి విడిపించాలన్నది అక్కడి డిమాండు. సరిగ్గా మూడు నెలలకు వక్ఫ్ సవరణ చట్టం వచ్చింది. ఆలయాల్లో ప్రభుత్వం వద్దన్న గొంతులే వక్ఫ్‌లో ప్రభుత్వం ఇంకా లోపలికి రావాలన్నాయి. మన రాష్ట్రపు 1987 దేవాదాయ చట్టం కింద ధర్మకర్తల మండళ్ళలో హిందువులు కానివారికి చోటు లేదు. అది సబబే. వక్ఫ్ బోర్డులకు వచ్చేసరికి మాత్రం ముస్లిమేతరులు ఉంటేనే పారదర్శకత అంటారు.

అయితే అద్దం మన ముందు కూడా పెట్టుకోవాలి. మనమూ సగమే చెబుతున్నాము. వక్ఫ్ దగ్గర ప్రభుత్వం చెయ్యి తియ్యాలంటాము. ఇమాముకు నెలకు 10,000, మౌజనుకు 5,000 రూపాయల గౌరవ వేతనం ఒక నెల ఆలస్యమైతే కలెక్టరేటు ముందు నిలబడతాము. ఇమాములకు వేతనం ఇవ్వవలసినది వక్ఫ్ బోర్డులేనని సుప్రీంకోర్టు 1993లోనే చెప్పింది. వక్ఫ్ భూముల ఆదాయం ఉన్నచోట ఉంటే మన ఇమాము ఖజానా వైపు చూడవలసిన పని లేదు. భూమి పోయింది, బదులుగా వేతనం వచ్చింది, వేతనంతో పాటు ఎన్నికలప్పుడు కృతజ్ఞత చూపవలసిన భారమూ వచ్చింది. ఈ గొలుసును మా కుర్రవాడు చూడగలిగాడు. ముప్పై ఏళ్ళు ఫైళ్ళు మోసిన మేము చూడలేకపోయాము. ఒప్పుకోవడానికి మాకు సిగ్గు లేదు.

హజ్ సబ్సిడీ విషయంలో ఇదే జరిగింది. స్తోమత ఉన్నవారికే హజ్ ఫర్జ్ అయినప్పుడు ప్రభుత్వ సొమ్ముతో పని ఏమిటని మనలోనే ఎందరో అడుగుతూ వచ్చారు. పదేళ్ళలో తొలగించమని 2012లో సుప్రీంకోర్టు అన్నది, 2018లో ప్రభుత్వం తీసివేసింది. ఆ ఏడాది కూడా లక్షా డెబ్బై అయిదు వేల మంది మన దేశం నుండి హజ్‌కు వెళ్ళారు. మనల్ని బుజ్జగిస్తున్నారన్న నింద ఒకటి తగ్గింది. అక్కడ నిక్కచ్చి మాట చెప్పినందుకు మనకు ఖర్చేమీ కాలేదు.

కాని అన్నిచోట్లా అలా కాదు. రిజర్వేషన్ల చరిత్ర చూడండి. 2004లో అప్పటి ప్రభుత్వం ముస్లిములందరికీ 5 శాతం ఇస్తూ ఉత్తర్వు తెచ్చింది, హైకోర్టు కొట్టివేసింది. 2005లో చట్టమే చేసింది, అదీ నిలవలేదు. సమాజమంతా వెనుకబడి ఉన్నది కాబట్టి సమాజమంతటికీ ఇవ్వాలన్నది వినడానికి గంభీరమైన మాట. కోర్టులో అది నిలబడదు. పైగా ఉన్న 46 శాతానికి 5 కలిపితే 50 దాటుతుంది. 2007లో పి.ఎస్. కృష్ణన్ అనే విశ్రాంత అధికారి ఆ పెద్ద మాటను పక్కనపెట్టి, ఏయే కులవృత్తుల ముస్లిములు సామాజికంగా వెనుకబడ్డారో వర్గాల వారీగా తేల్చి నివేదిక ఇచ్చారు. వెనుకబడిన తరగతుల కమిషన్ దానిని పరిశీలించింది. సయ్యదులు, పఠానులు, మొగలులు వంటివారు బయట ఉండిపోయారు. పద్నాలుగు వర్గాలకు బీసీ-ఇ కింద 4 శాతం. 46కు 4 కలిపితే సరిగ్గా 50. దీనినీ 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టివేసింది. అదే సంవత్సరం మార్చి 25న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆ ఉత్తర్వు నీడలోనే ఈ పదిహేనేళ్ళుగా మన పిల్లలు ఇంజనీరింగు, వైద్య కళాశాలల మెట్లెక్కుతున్నారు.

2007లో మేము దీనిని వ్యతిరేకించాము. సమాజాన్ని ముక్కలు చేస్తున్నారని నాలుగు సభల్లో చెప్పాము కూడా. తరువాత బీసీ-ఇ ధ్రువపత్రం దరఖాస్తులు రాసిపెట్టే పని మా నెత్తినే పడింది. రెండు వందలో, మూడు వందలో రాశాక మా వ్యతిరేకత ఎప్పుడు కరిగిపోయిందో మాకే తెలియదు. ఫకీరు కుటుంబం నుండి ఒక ఆడపిల్ల బి.టెక్. చేరినప్పుడు "సమాజం ముక్కలైంది" అని ఆ తల్లి ముందు అనగలమా?

మా కుర్రవాడి సిద్ధాంతం ఇక్కడే ఇరుకున పడుతుంది. ప్రభుత్వం అన్నిటి నుండీ తప్పుకోవాలంటే ఉక్కు కర్మాగారం నుండీ తప్పుకోవాలి. 2021 జనవరిలో విశాఖ ఉక్కులో నూరు శాతం పెట్టుబడులు ఉపసంహరించాలని కేంద్ర మంత్రివర్గం నిర్ణయించినప్పుడు ఆ పుస్తకాల ప్రకారం వాడు సంతోషించాలి. వాడు కూడా కార్మికుల శిబిరానికి వెళ్ళి వచ్చాడు. ప్రభుత్వ రంగం కుంచించుకుపోతే రిజర్వేషను కాగితం మీద మాత్రమే ఉంటుంది. ఓబీసీ కింద ఒక దూదేకుల యువకుడికి కేంద్ర సంస్థలో దక్కే ఉద్యోగం ప్రైవేటు యజమాని గేటు దగ్గర ఆగిపోతుంది. 2025 జనవరిలో కేంద్రం 11,440 కోట్ల రూపాయల ప్యాకేజీ ప్రకటించినప్పుడు, అది ప్రజల పన్ను సొమ్మే కదా అని మేము కావాలనే అడిగితే వాడు నవ్వి ఊరుకున్నాడు.

తెలుగునాట స్వేచ్ఛావాదానికి గట్టి వారసత్వమే ఉన్నది. 1959 జనవరిలో నాగపూరు కాంగ్రెస్ సహకార వ్యవసాయాన్ని తీర్మానించినప్పుడు నిడుబ్రోలుకు చెందిన ఆచార్య ఎన్.జి. రంగా దానిని ఎదిరించి బయటకు వచ్చారు. రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి తొలి అధ్యక్షులయ్యారు. పర్మిట్లు, లైసెన్సుల రాజ్యం వద్దన్నది ఆ పార్టీ మాట. 1967లో లోక్‌సభలో 44 స్థానాలు వచ్చాయి. 1971లో గెలుపు కోసం, తమతో ఏ విధంగానూ పొసగని పార్టీలతో మహాకూటమి కట్టారు, 8 మిగిలాయి. 1974లో పార్టీయే లేకుండా పోయింది. రంగాగారు మళ్ళీ కాంగ్రెస్ గూటికి చేరారు. పార్టీని పరాయి కూటమి ముంచింది గాని, మాట మునగలేదు. 1991లో ఆ లైసెన్సుల రాజ్యాన్ని విప్పినది కాంగ్రెస్సే, విప్పిన ప్రధాని మరొక తెలుగువాడు పి.వి. నరసింహారావు.

మౌలానా హస్రత్ మోహానీని కూడా ఇక్కడ తలచుకోవాలి. 1921లో అహమదాబాదు కాంగ్రెస్‌లో సంపూర్ణ స్వాతంత్ర్యం కావాలని ఆయన తీర్మానం పెడితే గాంధీజీయే వ్యతిరేకించారు. తీర్మానం వీగిపోయింది. ఎనిమిదేళ్ళకు లాహోరులో కాంగ్రెస్ అదే మాటను తన మాటగా చేసుకున్నది. 1921లో ఆయన కూడా "ఇప్పుడు అయ్యేది కాదు" అనుకుని ఊరుకుని ఉంటే 1929 నాటికి ఆ మాట ఎవరి నోటా ఉండేది కాదేమో.

కాబట్టి ముందుగా అన్న మాట వృథా పోదు. కాని దానికి ఎదురుచూసే ఓపిక కావాలి, ఆ లోపల నష్టాన్ని భరించే సత్తువ కావాలి. ఎనిమిదేళ్ళు, ముప్పై రెండేళ్ళు ఒక సిద్ధాంతం ఎదురుచూడగలదు. ఆనందపురం నుండి అనకాపల్లికి ఆరు వరుసల రోడ్డు పడ్డాక, లా యూనివర్సిటీ, పెట్రోలియం ఇన్‌స్టిట్యూటు వచ్చాక, సబ్బవరంలో గజం ధర ఎలా ఉన్నదో తెలిసినవారెవరూ కాగితం సరిగా లేని ఖబరస్తాను ఎనిమిదేళ్ళు ఎదురుచూస్తుందని అనరు. హైదరాబాదు పాతబస్తీలోనో కర్నూలులోనో మనవారు లక్షల్లో ఉన్నారు. అక్కడ ఒక పట్టుదల పడితే వినేవారుంటారు. ఉత్తరాంధ్రలో మనం ఊరికి పది ఇళ్ళు. సింహాచలం పంచగ్రామాల్లో దేవస్థానం భూమి అన్న చిక్కుతో వేలాది కుటుంబాలు దశాబ్దాలుగా సొంత ఇంటికి రిజిస్ట్రేషను లేక అల్లాడుతున్నాయి. ఓట్ల బలం ఉన్నవారి గతే అది. మన పది ఇళ్ళ గతి వేరే చెప్పాలా?

ఇంత చెప్పాక మేము సర్దుకుపోయేవారి పక్షం అని పాఠకులు అనుకోవచ్చు. అలా కూడా కాదు. తెలుగుదేశం పార్టీ వక్ఫ్ బిల్లుకు ఓటు వేసింది. మూడు సవరణలు తామే తెచ్చామని, లోపల ఉండబట్టే తేగలిగామని చెప్పుకున్నది. అందులో ఒకటి, ఇదివరకే రిజిస్టరయిన, వాడుక ద్వారా ఏర్పడిన వక్ఫ్‌లను కదపకూడదన్నది. నిజం చెప్పాలంటే మా ముందున్న ఖబరస్తానుకు నేడు ఆధారం ఆ సవరణే. దస్తావేజు లేదు కదా! అందుకు మేము కృతఘ్నులము కాము. రెండవ సవరణ, ప్రభుత్వ భూమి వివాదాన్ని కలెక్టరు కాక అంతకంటే పై అధికారి తేల్చాలన్నది. ఇక్కడ లౌక్యం తన హద్దును చూపించుకున్నది. భూమి మాదేనని అంటున్నది ప్రభుత్వం. తీర్పు చెప్పేదీ ప్రభుత్వోద్యోగే. కలెక్టరైతేనేమి, అతని పై అధికారి అయితేనేమి? మేము గుమాస్తాగా పనిచేసినవారము. పై నుండి ఫోను వస్తే నోట్‌ఫైలు ఎలా మారుతుందో మాకు ఒకరు చెప్పనక్కరలేదు. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు ఈ ఏర్పాటును నిలిపివేసింది; యాజమాన్య హక్కును రెవెన్యూ అధికారి తేల్చడం తగదన్నది. ఆ నిలుపుదల కోరుతూ కోర్టుకు వెళ్ళినవారు అయ్యేదేదో చూసుకుని వెళ్ళినవారు కారు. చట్టం మొత్తం చెల్లదని వాదించి, మొత్తం రాకపోయినా ఇంత తెచ్చారు. మొదటి నుండీ "పై అధికారి అయితే చాలు" అన్నవారికి అది దక్కేది కాదు.

మన పత్రికల్లో రాసేవారి మీద మా ఫిర్యాదు ఇదే. ఫారం నింపేవాడు ఫారంలో ఉన్న గళ్ళే నింపాలి, అది అతని పని. కాని వ్యాఖ్య రాసేవాడు కూడా ఫారంలో గళ్ళు చూసుకునే రాస్తున్నాడు. ఏ పార్టీ ఏమి ఇవ్వగలదో లెక్కవేసి, అంతవరకే అన్యాయాన్ని వర్ణిస్తున్నాడు. సచార్ కమిటీ 2006లో నివేదిక ఇచ్చినప్పుడు మనం బడులు, బ్యాంకు రుణాలు, ఉద్యోగాల గురించి రాసేవారము. నేడు ఎన్నికల ముందు వచ్చే వ్యాసాల్లో గౌరవ వేతనం ఎంత పెంచాలన్నదే చర్చ. ఆశను కూడా అందుబాటు ధరకు కత్తిరించుకున్నాము. మరోవైపు చట్టాన్ని బహిష్కరించండని పట్నంలో కూర్చుని రాసిన పెద్దలున్నారు. తమ సంస్థల ఆస్తులను వారు ముందే నమోదు చేయించుకున్నారో లేదో ఎవరూ అడగలేదు. అడగవలసినది.

ఆ రాత్రి మా కుర్రవాడు చివరకు కంప్యూటరు ముందు కూర్చున్నాడు. వాడి మనసు మారిందని మేము అనుకోము. ముతవల్లీ సాహెబు పేరుతో వివరాలు ఎక్కించాడు. విస్తీర్ణం దగ్గర ఆగాడు. ఏ అంకె వేయాలి? అడంగలు అంకె తక్కువ, దానితో ఎవరికీ తగాదా ఉండదు, బోర్డు పరిశీలనలో తొందరగా దాటుతుందని ముతవల్లీ అన్నారు. గెజిట్ అంకె వేస్తే పక్క లేఅవుటు వారు అభ్యంతరం చెప్పవచ్చు. మేము కూడా అడంగలు అంకెకే మొగ్గాము. కుర్రవాడు ఒప్పుకోలేదు. "ఫారం నింపమన్నారు, నింపుతున్నాను. గెజిట్‌లో ఉన్నదానికంటే ఒక్క సెంటు తక్కువ రాయను" అన్నాడు. గెజిట్ అంకే వేశాడు. సర్వేకు దరఖాస్తు మేము మరునాడు రాశాము. సర్వేయరు ఇంకా రావలసి ఉన్నది.